పడనివాళ్ల ఆశ్రమం

సంధ్యాశ్రయంలో చేరిన రోజున నా చేతిలో ఉన్న సరుకు ఇది: ఒక వేపకర్ర, రెండు మోకాళ్లలో పనిచేసేది ఒకటి, అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఒక జీవితకాలం వాడినా అరగని నోరు. మిగతాదంతా మేనల్లుడి చేతిలో పెట్టి వచ్చాను.

అయ్యో పాపం అనకండి. నన్ను ఎవరూ తెచ్చి ఇక్కడ దింపలేదు. నాకు పిల్లలు లేరు, ఆవిడ పోయింది, ఇంట్లో నాకు నేనే వండుకుంటే ఆ కూర నాకే నచ్చలేదు. నాలుగు ఆశ్రమాలు తిరిగి, నాలుగు చోట్లా మంచం మీద కూర్చుని చూసి, వంటగది గుమ్మంలో నిలబడి వాసన పీల్చి, బేరమాడి మరీ ఇందులో చేరాను. ఇక్కడ చారులో మిరియం వాసన తగిలింది. మిగతా మూడు చోట్లా గోడల మీద సూక్తులు తగిలాయి.

చేరిన వారానికి నా గదిలోకి లక్ష్మునాయుడు వచ్చాడు. రైల్వేలో కీమేన్‌గా చేసిన మనిషి. అంటే రోజూ పట్టాల వెంట సుత్తి భుజాన వేసుకుని నడుస్తూ, వదులైన కీలు బిగించేవాడు. ఆ నడకంతా తాడులా సాగదీస్తే భూమికి ఒక చుట్టు వస్తుందని వాడి లెక్క. చూసిన లోకం మాత్రం కొత్తవలస పక్కన ఐదు కిలోమీటర్లు. రిటైరయ్యాక ఒక గేదె వచ్చి గుద్దితే తుంటి విరిగింది. లోపల ప్లేటు వేసి కుట్టారు.

"మూడు నెలలు రోజూ నడిపించాలి. ఈ మూడు నెలల్లో నడిస్తే నడిచినట్టు. లేకపోతే కీలు బిగుసుకుపోతుంది, తర్వాత దేవుడు వచ్చినా వంగదు" అన్నాడు డాక్టరు.

నాయుడికి ఒకటే కోరిక. గేటు దాటి, రోడ్డు అవతల ఉన్న టీ బడ్డీ దాకా సొంత కాళ్లతో వెళ్లి, నిలబడి టీ తాగాలి. "కూకుని తాగితే అది టీయా శెట్టీ? మందు" అనేవాడు. పొద్దున, సాయంత్రం ఒక పక్క నేను, ఇంకో పక్క ఆయా పైడితల్లి, మధ్యలో నాయుడు. రెండు వారాల్లో వరండా చివరిదాకా వచ్చాం. ఇంకో వారం గడిస్తే మెట్లు. సరిగ్గా అప్పుడే మా ఆశ్రమానికి నాణ్యత వచ్చింది.

నాణ్యత ఒక జీపులో వచ్చింది. దాంతోపాటు డాక్టర్ సుధాంశుగారు వచ్చారు. ఆయన వైద్యం డాక్టరు కాదు, నాణ్యతలో డాక్టరు. అందుకని ఆయనకు జలుబు చేస్తే వేరే డాక్టరును పిలవాలి. భోజనాల హాల్లో మమ్మల్ని కూర్చోబెట్టి ఆయన ఉపన్యసించారు.

"వయోవృద్ధుని పతనము సంస్థ యొక్క పతనము. శూన్యపతన లక్ష్య సాధనకై ప్రతి కక్ష్యలోను శ్రవణయంత్రము ప్రతిష్ఠింపబడుచున్నది. అహర్నిశలు జాగరూకమై ఇది ప్రతి పతనమును గ్రహించి, రాజధానికి తత్క్షణమే నివేదించును."

నాయుడు నా చెవిలో అడిగాడు. "ఏటంతన్నాడు?"

"ఎవరూ కింద పడకూడదంటున్నాడు."

"ఆ ముక్క సెప్పడానికి జీపేసుకొచ్చినాడా?"

అప్పటికింకా పెట్టె బిగించలేదు కాబట్టి ఈ మాటలు లెక్కలోకి రాలేదు.

పెట్టె అంటే సబ్బుపెట్టెంత ఉంటుంది. ప్రతి గది గుమ్మం మీదా ఒకటి, హాల్లో ఒకటి. ఎవరైనా పడినట్టు మాట వినిపిస్తే "కుయ్" మంటుంది. తర్వాత ఒక ఆడగొంతు, పెళ్లిచూపుల్లో పిల్లలా నెమ్మదిగా, పేరు చెబుతుంది. దానికి ముందు అందరి గొంతూ దానికి పరిచయం చెయ్యాలి. మొదటి గొంతు సుధాంశుగారే ఇచ్చారు, కొబ్బరికాయ కొట్టి. తర్వాత మా మేనేజరు ప్రభాకరం, ఆయాలు, వంటవాడు, మేము.

అందరి గొంతులూ అయ్యాక ప్రభాకరం లేచి వందన సమర్పణ మొదలుపెట్టాడు. "ముప్పై పడకల ఈ ఆశ్రమానికి..."

కుయ్.

"ప్రభాకరం గారు. పతనం నమోదైనది. ధన్యవాదాలు."

ప్రభాకరం నిలువునా నిలబడే ఉన్నాడు. ఒకసారి తన కాళ్లకేసి చూసుకున్నాడు. పెట్టె బిగించిన మనిషి నవ్వుతూ సర్దిచెప్పాడు. "కొత్తది కదండీ, మెల్లగా అలవాటు పడుతుంది."

కుయ్.

సుధాంశుగారు మాత్రం చలించలేదు. "యంత్రము అతి సూక్ష్మగ్రాహి. మానవ నేత్రమునకు గోచరించని పతనములను సైతము గ్రహించుచున్నది" అన్నారు. ప్రభాకరం చప్పట్లు కొట్టాడు. అధికారి చప్పట్లు ఆశించినప్పుడు కొట్టనివాడికి మేనేజరు ఉద్యోగం ఎక్కువ కాలం నిలవదు.

మరునాడు నా వంతు వచ్చింది. మేనల్లుడు ఫోన్ చేశాడు. "మావయ్యా, బెల్లం ధర పడిపోయింది."

"ఏంటీ, పడిపోయిందా?" అన్నాను మంచం మీద కూర్చుని.

కుయ్. పెట్టె నా పేరు చెప్పింది. నేను ఫోన్ పెట్టేలోపు ప్రభాకరం, ఇద్దరు ఆయాలు స్ట్రెచర్‌తో పరిగెత్తుకొచ్చారు.

"కదలకండి శెట్టిగారూ! ఎముక ఎక్కడ నొప్పిగా ఉంది?"

"పడింది నేను కాదయ్యా, బెల్లం."

కుయ్. రెండు.

మూడోసారి నోరు విప్పలేదు. వర్తకుడు ఒక సరుకులో రెండుసార్లు నష్టపోయాడంటే మూడోసారి ఆ సరుకు ముట్టుకోడు. ప్రభాకరాన్ని చెయ్యి పట్టుకుని పెరట్లో పంపు దగ్గరికి తీసుకుపోయాను. అక్కడ పెట్టె లేదు.

"నాయనా, తెలుగువాడు రోజూ వందసార్లు పడతాడు. కష్టపడతాడు, బాధపడతాడు, సిగ్గుపడతాడు. వాటిలో కింద పడేది ఒక్కటో, అదీ లేదో. ఈ పెట్టె అన్నింటినీ ఒకే తక్కెడలో వేస్తోంది."

ప్రభాకరం చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "యంత్రానికి తెలుగు రాదంటారా?"

"రాదనే."

"రాజధాని నుంచి వచ్చిందండీ అది."

దాంతో ఆ బేరం ముగిసింది. పైనుంచి వచ్చినదానికి భాష రాదనుకోవడం కంటే కిందవాళ్లకు భాష రాదనుకోవడం సులువు. మర్నాటి నుంచి మాకు భాషా శిక్షణ మొదలైంది. ఒక విషయం మాత్రం ప్రభాకరం తెలివిగా కనిపెట్టాడు. సుధాంశుగారు అంతసేపు పతనం పతనం అన్నా పెట్టె మోగలేదు. సంస్కృతంలో ఎన్నిసార్లు పడినా లెక్కలోకి రాదు, తెలుగులో పడితేనే వస్తుంది.

"ఇక నుంచి భయ... ఆ మాట వద్దు. 'నాకు భయము సంభవించినది' అనాలి. ఏదీ, అనండి."

అందరం అన్నాం. పైడితల్లి చెయ్యెత్తింది. "మరి మా జీతం బేంకులో సంభవించనేదు బావు. దానికేటనాలి?"

"ఆ ప్రస్తావనే వద్దమ్మా. అది ఎలా చెప్పినా ప్రమాదమే."

శిక్షణ పూర్తయ్యేలోపే వాన వచ్చింది. ఎండలకు మాడిపోయి ఉన్నాం. భోజనాల వేళ, కిటికీలోంచి మట్టివాసన కొట్టేసరికి, చదువుకున్నవాళ్లూ చదువుకోనివాళ్లూ ఒక్క గొంతుతో "వాన పడుతోంది!" అని అరిచారు. పెట్టెకు ఊపిరాడలేదు. పేర్లన్నీ వరుసగా చెప్పి, ప్రతి పేరుకీ ధన్యవాదాలు చెప్పి ముగించేసరికి చారు చల్లారిపోయింది. ఈలోపు రాజధాని నుంచి ఫోను. మా భోజనశాలలో సామూహిక పతనం సంభవించినట్టు వాళ్ల తెర మీద కనిపించిందట. రెండు అంబులెన్సులు వచ్చాయి. ఎక్కేవాళ్లు లేక, డ్రైవర్లు ఉత్త చేతులతో పోవడం ఎందుకని భోంచేసి వెళ్లారు.

రాజధాని ఊరుకోలేదు. రెండో రోజుకు ఒక కుర్చీ పంపింది. దాని పేరు రక్షితాసనం. చక్రాలున్న కుర్చీకి నడుము దగ్గర ఒక తోలుపట్టీ, చేతులకు రెండు, కాళ్లకు రెండు. పడే స్వభావం ఉన్న మనిషిని అందులో కూర్చోబెట్టి పట్టీలు బిగిస్తే ఇక జన్మలో పడడు. వచ్చింది ఒక్క కుర్చీయే గనుక ఉత్తరువులో నియమం కూడా రాశారు: పాత లెక్కలు కొట్టివేసి, ఇకపై ఆశ్రమంలో ఎవరి గొంతు మీద పతనాలు అధికంగా ఉంటే ఆసనం వారిది. వారిని మించినవారు వచ్చేదాకా దిగరాదు. సమానమైతే ఆసనం పాతవారిదే. మినహాయింపు కావాలంటే సుధాంశుగారి చేతి సంతకం ఉండాలి.

మొదట వరహాలమ్మగారు ఎక్కారు. ఆవిడకు వంకాయ తింటే ఒళ్లంతా దద్దుర్లు. వడ్డించే ఆయాకు చెముడు. "నాకు వంకాయ పడదమ్మా" అని మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు కట్టేసి ఉన్నాయి గనుక, ఆ వంకాయ కూరే నోట్లో పెట్టారు.

తర్వాత వంటవాడు తవిటయ్య ఆవిణ్ని దించాడు. మధ్యాహ్నం పంక్తిలో "అప్పడాలు! అప్పడాలు!" అంటూ బుట్ట పట్టుకు తిరగడం వాడికి అలవాటు. హాలు ఈ చివరినుంచి ఆ చివరికి వచ్చేసరికి ఆరు. వాడిని కుర్చీకి కట్టేశాక వంట చేసేవాళ్లు లేరు. మూడు పూటలు అటుకులు తిన్నాం. ఆ తర్వాత మా పంక్తిలో అప్పడం మళ్లీ కనిపించలేదు. అడిగేందుకు దానికి సంస్కృతంలో ఏమంటారో ఎవరికీ తెలియదు.

నేను నాయుడిని కాచుకుంటూ వచ్చాను. గదిలో ఉన్నంతసేపూ మాట్లాడనిచ్చేవాణ్ని కాదు. కానీ పైడితల్లి ఒకరోజు వాడి కాలికి నూనె రాస్తూ జాలిగా అంది. "సిన్న దెబ్బా బావు? ఎక్కడ జారిపోనావో గానీ..."

నాయుడికి పౌరుషం వచ్చింది. తుంటి విరగడం కన్నా, తాను జారాడని ఎవరైనా అనుకోవడమే వాడికి ఎక్కువ నొప్పి. "నాను పడనేదే పైడీ, గేద గుద్దినాది."

కుయ్. "లక్ష్మునాయుడు గారు. పతనం నమోదైనది. ధన్యవాదాలు."

నాయుడు గుమ్మం మీదికి తలెత్తాడు. "ఎవులే నువ్వు? పడనేదంటే పడనేదు!"

కుయ్, కుయ్.

"ఒరే, ఊరుకో" అన్నాను.

"ఎందుకూరుకోవాలి? పడనేదన్న ముక్క ఇనపడదా దీనికి?" కుయ్, కుయ్. "సర్వీసంతా కంకరరాళ్ల మీద నడిసినోణ్ని. ఒక్కపాలి పడ్డానేటి?" కుయ్. "నీ బాబు పడ్డాడేమో కనుక్కో!"

కుయ్.

నేను వెళ్లి నోరు మూసేసరికి ఏడు. తవిటయ్యకు ఆరే. బేరంలో అబద్ధమాడినవాడు కూడా ఇంత నష్టపోడు. నిజం చెప్పినందుకు, చెప్పినదాన్ని గట్టిగా చెప్పినందుకు, నాయుణ్ని తీసుకెళ్లి కుర్చీలో బిగించారు. తవిటయ్య దిగుతూ వాడి భుజం తట్టాడు. "ఎడమసెయ్యి పట్టీ బాగా ఒరుసుకుంటాది బావు, గుడ్డెట్టించుకో."

నాలుగో రోజున డాక్టరు వచ్చాడు, వైద్యం డాక్టరు. కుర్చీలోనే నాయుడి కాలు అటూ ఇటూ వంచి చూసి సంతోషించాడు. "అమ్మయ్యా, చాలా మెరుగుపడింది. కుదుటపడ్డారు. ఇక భయపడక్కర్లేదు, రోజూ నడిపిస్తే బలపడుతుంది."

ఆయన గొంతు పెట్టెకు తెలియదు. తెలియని గొంతైతే పతనాన్ని ఎదుట ఉన్న రోగి పేరున రాయాలని నియమం. పెట్టె నాలుగుసార్లు నాయుడి పేరు చెప్పి నాలుగుసార్లు ధన్యవాదాలు చెప్పింది. మొత్తం పదకొండు. రోగం నయమైందని చెప్పగానే రోగి పరిస్థితి విషమించడం ఆ డాక్టరుగారి అనుభవంలో అదే మొదలట.

పంపు దగ్గర ఆయన నాతో అన్నాడు. "శెట్టిగారూ, ఇది తమాషా కాదు. ఈ నెలాఖరులోగా ఆయన్ని లేపి నడిపించకపోతే కీలు బిగుసుకుంటుంది. తర్వాత నన్ను పిలిచి లాభం లేదు."

ప్రభాకరానికి చెప్పాను. తల పట్టుకున్నాడు. ఆ మనిషి చెడ్డవాడు కాదు. ఇద్దరు ఆడపిల్లల చదువులున్నాయి. "నేనేం చెయ్యనండీ? నియమం ప్రకారం ఆయన్ని మించినవాళ్లు కావాలి. మీరే చూశారుగా, ఇప్పుడు ఎవరూ నోరు విప్పడం లేదు" అన్నాడు.

అది నిజం. ఆశ్రమం చాలా ప్రశాంతంగా మారింది. దిగులుగా ఉందని, ఒళ్లు నొప్పిగా ఉందని, పులుసులో ఉప్పు లేదని ఎవరూ అనడం లేదు. నోట్లోంచి ఏ మాట ఎలా జారుతుందో తెలియక, మాటే మానేశారు. ఫిర్యాదులు లేవు గనుక మా సేవల నాణ్యత జిల్లాలోకెల్లా ఉన్నతంగా ఉందని రాజధాని నుంచి అభినందన వచ్చింది. దాన్ని స్వీకరించడానికి, ఆశ్రమాన్ని తనిఖీ చెయ్యడానికి నెలాఖరున సుధాంశుగారు స్వయంగా వస్తున్నారు.

పోనీ, నేనే పన్నెండు మాటలు అనేసి ఆ కుర్చీ ఎక్కుదామా అని కూడా ఆలోచించాను. లెక్క కుదరలేదు. వాడు లేచి నడవాలంటే పక్కన ఒక మోకాలు ఉండాలి. ఆశ్రమంలో ఖాళీగా ఉన్న మోకాలు నాదొక్కటే. నేను కాకుండా ఇంకొకరు కావాలి. గొంతు పెట్టెకు తెలిసి ఉండాలి, కుర్చీలో కూర్చున్నా ఎవరికీ నష్టం ఉండకూడదు. అలాంటి మనిషి కోసం జాబితా అంతా వెతికాను. మొదటి పేరు దగ్గరే ఆగిపోయాను.

తనిఖీ నాడు హాలంతా మామిడాకులు. నాయుణ్ని కుర్చీతో సహా ముందు వరుసలో పెట్టారు, రక్షణ పొందుతున్న వృద్ధుడికి నమూనాగా. మూడు వారాల్లో వాడి పిక్కలు కరిగిపోయాయి. నాకేసి చూడటం కూడా మానేశాడు. వాడి పాదం ఒక్కటే, పట్టీ కింద, నేల మీద కొంచెం కొంచెం కదులుతోంది. పట్టాల మీద నడుస్తున్నట్టు.

కార్యక్రమం మొదలయ్యే ముందు ప్రభాకరంతో మెల్లగా అన్నాను. "పెద్దాయన మాట్లాడుతుంటే ఆ పెట్టె మధ్యలో కుయ్‌మంటే మర్యాదగా ఉంటుందా?"

"అమ్మో!" అని వెళ్లి పెట్టె గంట నోరు కట్టించాడు. లెక్క మానలేదు, మోత ఒక్కటే ఆగింది. ఒక్కో పతనానికి చిన్న ఎర్రదీపం మాత్రం వెలిగి ఆరుతుంది. అది వేదిక వెనక గోడకు ఉంది. మాకు కనిపిస్తుంది, మాట్లాడేవాళ్లకు కనిపించదు.

సుధాంశుగారు మొదలుపెట్టారు. "సేవా ప్రమాణముల సమున్నతికై సర్వదా కృషి సల్పుచున్న ఈ సంస్థ..." దీపం వెలగలేదు. అలా గంటసేపు మాట్లాడినా వెలగదు. నేను లేచి చేతులు జోడించాను.

"అయ్యా, తమరి మాట బంగారం. కానీ మేం బంగారం తూచినవాళ్లం కాదు, బెల్లం మనుషులం. తమరు తెలుగు మాట్లాడితే పనసతొనలు ఒలిచినట్టు ఉంటుందని మేనేజరుగారు రోజూ అంటుంటారు. మా భాగ్యానికి రెండు ముక్కలు అందులో సెలవివ్వండి."

బెల్లం దిమ్మ లోపల ఏముందో తెలియాలంటే పగలగొట్టాలి. అధికారి లోపల ఏముందో తెలియాలంటే పొగడాలి. సుధాంశుగారి ముఖం విచ్చుకుంది. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"అమ్మా, అయ్యా, నేనూ మీలాంటి మట్టిమనిషినే. చిన్నతనంలో ఎంతో కష్టపడ్డాను." దీపం వెలిగింది. "ఇంగ్లీషంటే భయపడ్డాను. పట్నం పిల్లల ముందు సిగ్గుపడ్డాను. అయినా పెద్ద ఉద్యోగానికి ఆశపడ్డాను, చివరికి ఇలా స్థిరపడ్డాను."

ఐదు. కండువా కింద వేళ్లు ముడుస్తున్నాను. ప్రభాకరం కూడా దీపాన్నే చూస్తున్నాడు. లేచి ఆపుదామంటే అధికారి మాటకు అడ్డురావాలి. ఆ నియమం అన్ని నియమాల కంటే పాతది.

"మీ కోసం ఈ యంత్రం తేవడానికి ఎన్ని తిప్పలు పడ్డానో మీకు తెలియదు. పక్క జిల్లాల వాళ్లు వెనకపడ్డారు. ఇవాళ మీ సేవ ఇంతగా మెరుగుపడటం చూసి ముచ్చటపడుతున్నాను, గర్వపడుతున్నాను. ఇక ఎవరూ బాధపడొద్దు. సెలవు."

అని కూర్చున్నారు. నా వేళ్లు చూసుకున్నాను. పదకొండు. సమానమైతే ఆసనం పాతవారిదే. హాలంతా చప్పట్లు కొడుతోంది. నాయుడి పాదం కదలడం ఆగింది. వాడూ లెక్కపెడుతున్నాడన్నమాట.

ప్రసంగం అయిపోయిందని, గంట నోరు మళ్లీ విప్పడానికి పక్కనే ప్రభాకరం మీటకేసి చెయ్యి చాస్తున్నాడు. ఇంకొక్క మాట కావాలి. లేచాను.

"అయ్యా, తమరు ఇవాళ మాతోపాటే పంక్తిలో భోంచెయ్యాలి. తవిటయ్య అడుగుతున్నాడు, తమరికి ఏం వడ్డించమంటారు?"

సుధాంశుగారు చెయ్యి ఊపారు. "అయ్యో, నాకు ఆర్భాటాలు ఎందుకండీ? పప్పూ అన్నం చాలు." ఒక్క క్షణం ఆగారు. "పక్కన ఒక్క అప్పడం ఉంటే ఇంకా మంచిది."

ఎర్రదీపం వెలిగింది. ప్రభాకరం వేలు గంట మీట మీద ఆనింది.

కుయ్. "సుధాంశు గారు. పన్నెండు పతనాలు నమోదైనవి. ధన్యవాదాలు."

పెట్టె పేరు చెప్పిన నిమిషంలోపు ఆసనం మార్చాలని ఆయాలకు శిక్షణ ఇచ్చింది ప్రభాకరమే. పైడితల్లి లేచి నాయుడి పట్టీలు ఒక్కొక్కటే విప్పింది. ఇద్దరు ఆయాలు వాణ్ని బల్లమీదికి మార్చారు. తవిటయ్య వేదిక ఎక్కి సుధాంశుగారి చెయ్యి మర్యాదగా పట్టుకున్నాడు.

"రండి బావు. కుర్సీ రడీగుంది."

"ఏమిటిది? వదులు! నేను పడలేదు!"

కుయ్.

"అందరూ అలాగే అంతారు బావు. నానూ అన్నాను" అన్నాడు తవిటయ్య, పట్టీ బిగిస్తూ. "ఎడంసేతికి గుడ్డెట్టమంతారా?"

"నేనెక్కడ పడ్డానయ్యా? ఎవరు చూశారు పడటం? ప్రభాకరం! చెప్పండి వీళ్లకి, నేను పడ్డానా?"

కుయ్, కుయ్, కుయ్. ప్రభాకరం చేతులు నలుపుకున్నాడు. "సర్, మినహాయింపు తమరి సంతకంతోనే ఇవ్వాలండి. తమరు ఒక్క సంతకం పెడితే..."

సంతకం పెట్టాల్సిన చేతులు రెండూ పట్టీల కింద ఉన్నాయి. ఆ చిక్కు ఎలా విప్పాలో చర్చించడానికి హాలంతా ఆ కుర్చీ చుట్టూ మూగింది. ఎన్నో రోజుల తర్వాత అందరూ ఒక్కసారిగా మాట్లాడారు. వరహాలమ్మగారు దగ్గరగా వెళ్లి, పప్పులోకి వంకాయ వేయించమంటారా నాయనా అని అడిగారు.

నేను నాయుడి ముందుకు వెళ్లి వేపకర్ర వాడి చేతికిచ్చాను.

"ఎల్దామేటి?" అన్నాడు.

"పద."

లేచాడు. లేస్తున్నప్పుడు తుంటి దగ్గర తలుపు బందు కిర్రుమన్నట్టు చప్పుడు నాకు వినిపించింది. పళ్లు బిగపట్టి ఒక అడుగు వేశాడు. గోడ పట్టుకుని వరండా, వరండా చివర మెట్లు, మెట్ల కింద కంకర. వెనక హాల్లోంచి "కుయ్" "కుయ్" వినిపిస్తూనే ఉంది. గేటు దాటాం. రోడ్డు దాటాం. బడ్డీ ఇంకో నాలుగు బారల దూరంలో ఉండగా కర్ర ఒక రాయి మీద జారింది.

నాయుడు పడ్డాడు.

ఉత్తినే మాటల్లో కాదు. మనిషి, కర్ర, ధూళి అన్నీ కలిసి పడ్డాయి. నేను పట్టుకోబోయి కండువా కొస మాత్రం పట్టుకున్నాను. నోరు తెరిచాను గానీ, ఇన్నాళ్ల అలవాటు, మాట బయటికి రాలేదు. వాడికీ రాలేదు. ఇద్దరం ఒకరినొకరు చూసుకుంటూ, ఎక్కడో పెట్టె మోగుతుందని ఎదురుచూశాం. మోగలేదు. రోడ్డు మీద లారీ ఒకటి పోయింది.

నాయుడు మోకాలు మడిచి చూసుకున్నాడు. మడతపడింది. ఇంకోసారి మడిచాడు. తర్వాత నేల మీద అరచెయ్యి ఆనించి, కర్ర పాతి, నా భుజం సాయం కూడా వద్దని తోసేసి, తానే లేచి నిలబడ్డాడు. అరచెయ్యి గీరుకుని నెత్తురు వస్తోంది. దాన్ని పతకంలా నా ముఖం ముందు పెట్టి, రోడ్డంతా వినిపించేలా అరిచాడు.

"పడ్డానొరే శెట్టీ! నిజంగా పడ్డాను!"

"పడ్డావురా! నేను చూశాను పడటం! బాగా పడ్డావు!" అన్నాను నేనూ. నోట్లో తాళం తీసినట్టయింది. ఇన్నాళ్లూ మింగిన మాటలన్నీ అన్నాను. టీ బడ్డీ ఆవిడ చెంబు పక్కన పెట్టి, ఈ ముసలాళ్లకేం వచ్చిందా అని చూసింది. నాయుడు నిలబడి టీ తాగాడు. రెండో గ్లాసు కూడా నిలబడే తాగాడు.

మేం తిరిగి వచ్చేసరికి సుధాంశుగారిని విడిపించారు. రాజధానికి ఫోన్ చేసి, ఆయన పైఅధికారి నోటిమాట మీద, మధ్యాహ్న భోజనం దాటాక. వారం తిరక్కుండా మూడు ఉత్తరువులు వచ్చాయి. మొదటిది: తోలుపట్టీలు రక్తప్రసరణకు విఘాతకరమని ప్రత్యక్ష పరిశీలనలో తేలినందున రక్షితాసనం ఉపసంహరింపబడినది. రెండోది: ఇకపై తనిఖీకి వెళ్లే అధికారులు తెలుగులో ప్రసంగించరాదు. మూడోది ఒక ఫలకం. ఆ నెలలో ఆశ్రమవాసులలో ఒక్కరైనా భౌతికంగా పతనమైనట్టు ఆధారం లేనందున, మాకు శూన్యపతన పురస్కారం.

ఇక నా లెక్క.

పెట్టిన సరుకులో వేపకర్ర పోయింది, నాయుడు తిరిగి ఇవ్వలేదు. ఆ రోజు నడకలో రెండో మోకాలు కూడా పట్టేసింది. పెట్టె గుమ్మం మీద ఇంకా ఉంది, కుర్చీ లేదు గనుక దాని కుయ్‌కి ఎవరూ భయపడటం లేదు. అప్పడం పంక్తిలోకి తిరిగి వచ్చింది. వరహాలమ్మగారు వంకాయ పడదని ఒక్కసారే చెబుతున్నారు, చెముడు ఆయా కూడా వింటోంది.

రాజధాని పుస్తకాల్లో లక్ష్మునాయుడు పేరున పదకొండు పతనాలున్నాయి. వాటిలో ఒక్కటీ వాడు పడింది కాదు. వాడు పడిన ఆ ఒక్కటి ఎక్కడా లేదు. అది రోడ్డు అవతల, బడ్డీకి నాలుగు బారల ఇవతల ఉంది. రోజూ సాయంత్రం దాని మీదుగా నడిచి వెళ్లి టీ తాగి వస్తున్నాం. నాకు మిగిలిన లాభం అదే.